కాలి ఎముక మీద మొలిచిన పళ్ళు

నేను కాపరానికి వచ్చిన కొత్తలో, నా చేత్తో ఎండబెట్టిన మొదటి కవళ్ళ చేపల్లో ఒకదాన్ని మా అత్త కొరికి ఉమ్మేసింది. అదీ ఇంట్లో కాదు, ఒడ్డున, శృంగవరపుకోట నుంచి వచ్చిన వ్యాపారి ఎదురుగా, ఊళ్ళో ఆడవాళ్ళంతా చూస్తుండగా. "తడుందే. మళ్ళీ ఎండెట్టు" అని ఆ చేపను నా ఒళ్ళోకి విసిరేసి, పక్క రాశి దగ్గరికి వెళ్ళిపోయింది.

నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఎచ్చెర్లలో ఎమ్మే చదివిన దాన్ని, కొత్త కోడల్ని, మాడు పగిలే ఎండలో నిలబడి ఒక్కొక్క చేపనూ తిప్పిన దాన్ని. ఒళ్ళు మండిపోయింది. చేపను చేత్తో విరిచి చూశాను, టక్కున విరిగింది. మరి తడి ఎక్కడుంది? ఆవిడ వెనకాలే వెళ్ళి దెబ్బలాడదామని లేచి, ఎందుకో ఆగి, గోరుతో వెన్నుముల్లు ఊడదీశాను. ముల్లు కింద వేలికి చెమ్మ తగిలింది. నోరు మూసుకుని చేపలన్నీ మళ్ళీ ఎండలో పోశాను.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రాన్ని ఆనుకున్న ఊరు. మగవాళ్ళు వేటకు వెళ్తారు. చేప ఒడ్డుకు వచ్చాక ఇక అది ఆడవాళ్ళ సొంతం. పచ్చిది అమ్ముడుపోగా మిగిలిన దానికి ఉప్పు పట్టించి, పాత వలలు పరిచి ఎండబెడతాం. ఎండిందో లేదో చేత్తో విరిచి చూసేవాళ్ళు ఊరంతా ఉన్నారు. కానీ చేతికి తెలిసేది పైపైన సంగతే. వెన్ను దగ్గర దాక్కున్న తడి పంటికి తప్ప చిక్కదు. మా అత్త తోక దగ్గర పెట్టి కొరికేది, అరక్షణం కళ్ళు మూసుకునేది, మాట చెప్పేది. ఆ మాట పడ్డాకే శృంగవరపుకోట వ్యాపారి గోనెసంచి విప్పేవాడు. తన వాళ్ళని లేదు, పరాయివాళ్ళని లేదు, తడి ఉంటే ఉందనేది. సొంత చెల్లెలి రాశిని కూడా వెనక్కి తిప్పిన మనిషి.

అలాంటి నోట్లో పుండు లేచింది. కుడివైపు కింది చిగురు మీద. మా ఒడ్డు ఆడవాళ్ళు చాలామందిలాగే ఆవిడకూ చుట్ట అలవాటు. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీల్చేది, గాలికి ఆరిపోకుండా. చుట్ట లేనప్పుడు పొగాకు ముక్క దవడన నొక్కుకునేది. విశాఖలో పరీక్షలు చేసి క్యాన్సర్ అన్నారు. కుడివైపు దవడ ఎముకను పళ్ళతో సహా తీసేసి, ఆ ఖాళీలో కాలి ఎముక పెట్టారు. మోకాలి కింద రెండు ఎముకలుంటాయట, అందులో సన్నది లేకపోయినా మనిషి నడుస్తుందట. నడిచింది కూడా. కొన్నాళ్ళు కుంటుతూ, తర్వాత మామూలుగా.

కాలు తీసుకెళ్ళి నోట్లో పెట్టారన్న వార్త ఒడ్డంతా పాకింది. చూడవచ్చిన వాళ్ళు ఏడవాలో నవ్వాలో తెలియక నిలబడితే, అత్తే కట్టు కట్టిన మూతితో నసిగింది. "ఇంక నాను ఒక్క మాటంటే ఒక్క తన్ను తన్నినట్టే. కాసుకోండి." అందరూ పడీ పడీ నవ్వారు. ఆ తర్వాత కొన్నాళ్ళపాటు రోజూ కరెంటు పెట్టారు. రేడియేషన్‌కి మా వైపు అదే పేరు. నోరెండిపోయింది, అన్నం సయించలేదు, గంజి మీదే బతికింది. చుట్టల కట్టను తనే తీసుకెళ్ళి అలల్లోకి విసిరేసి, "సముద్రానికి అలవాటైతే నాకు తెలీదు" అంది.

జబ్బు పోయింది. కానీ నాకు నచ్చని జబ్బు ఇంకొకటి పట్టుకుంది. అత్త మంచిదైపోయింది.

మా ఊరివాళ్ళు మర్యాదకని ఇంకా ఆవిడ చేతికే చేపనిచ్చేవాళ్ళు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి "బాగుంది" అనేది. అందరి చేపలకూ బాగుంది. నెత్తళ్ళకు బాగుంది, కవళ్ళకు బాగుంది. నేను కావాలని సగం ఎండిన చేప ఒకటి చేతిలో పెడితే దానికీ బాగుందే. వ్యాపారి అక్కను పిలిచినట్టు "సరే అప్పా" అని తలూపి, ఆవిడ అటు తిరగ్గానే తనే విరిచి చూసుకునేవాడు. అది చూడలేక నేను తల తిప్పేసుకునేదాన్ని. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "ఏటత్తా, నీకు తెలకుండానే బాగుందంటావేటి?"

"కొరకనేని నోటికి తగువెందుకే" అంది. అరిచి ఉంటే బాగుండేది. మెల్లగా అంది. ఆవిడకు కావలసింది భోజనం కాదని, చేపను కొరికి ఉన్న మాట చెప్పడమని నాకు ఆ రోజే అర్థమైంది.

మరుసటి ఏడు చెకప్‌లో విశాఖ డాక్టరు జబ్బు ఆనవాలు లేదన్నాడు. అనడమే కాదు, ఇక పళ్ళ సంగతి ఆలోచించొచ్చన్నాడు. విజయనగరంలో ఒక పళ్ళ డాక్టరమ్మ ఇలాంటి పని చేస్తుందని చీటీ రాసిచ్చాడు. బస్సు ఎక్కేదాకా నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

డాక్టరమ్మ చిన్న మనిషి, మాట మాత్రం గడగడా. అత్త నోట్లోకి లైటు వేసి చూసి చెప్పింది. "అమ్మా, మీ దవడలో ఉన్న కాలి ఎముకలోకి చిన్న స్క్రూలు బిగిస్తాం. ఎముక వాటిని పట్టుకుంటే, వాటి మీద పళ్ళు కూర్చోబెడతాం. తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళు కావు. ఊడవు."

"ఓలమ్మో, కాలి మీద పళ్ళా!" అంది అత్త. అని వెంటనే, "ఎండుసేప కొరకొచ్చా?"

"ముందు అన్నం తిందాం."

"అన్నానికైతే నాకొద్దు డాక్టరమ్మా. గంజికి పళ్ళేటికి?"

డాక్టరమ్మ నవ్వింది గానీ, ఆశ మాత్రం పెట్టలేదు. కరెంటు పెట్టిన చోటు మొండిదట. అక్కడ స్క్రూ నిలవచ్చు, నిలవకపోవచ్చు, పుండు కూడా పడొచ్చు. నెలలు ఆగాలి. చుట్ట, పొగాకు దగ్గరికి రాకూడదు. అన్నీ విని అత్త నా వైపు చూసింది. నేను అప్పటికే తలూపుతున్నాను.

ఇంటికొస్తే మా ఆయన అడ్డం పడ్డాడు. "మళ్ళీ కొయ్యడమేటి? అమ్మ బతికున్నాది, సాలదా?"

"బతికున్నాది మావా. ఉన్న మాట సెప్తన్నాదా?" అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను, పక్కింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చేంత గట్టిగా. ఆయన వల భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. సాయంత్రం తిరిగొచ్చి, ఎప్పుడు వెళ్ళాలని అడిగాడు.

స్క్రూలు వేశారు. చిగురు మూసి కుట్టేశారు. ఆ ఎక్స్‌రే ఫొటో డాక్టరమ్మ ఫోనులో పంపింది. అప్పుడప్పుడే మా ఊళ్ళో వాట్సాప్ మొదలైంది. మా ఆయన, అంత వద్దన్న మనిషి, పడవ పడవకీ తిరిగి ఆ ఫొటో చూపించాడు. "ఇదిగో, ఇది మా అమ్మ కాలు. ఇయ్యి బోల్టులు. ఇంజనుకి బిగించినట్టు బిగించారు సూడు." పడవ ఇంజను మెకానిక్ ఆ ఫొటోను పెద్దది చేసి మరలు పరిశీలించి, బాగున్నాయని సర్టిఫికెట్ ఇచ్చాడు.

ఇక ఎదురుచూడటమే. నాకు ఓపిక తక్కువ. ఆ నెలలు ఎలా గడిపానో నాకే తెలియదు. అత్త నోరు సరిగ్గా తెరుచుకోదు కనుక, ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ళ మధ్య పెట్టుకుని నోరు సాగదీయాలి. నేను పుల్ల తర్వాత పుల్ల దూర్చేదాన్ని. ఆవిడ కళ్ళతోనే తిట్టేది. "తిట్టత్తా, తిట్టు. నోరు తెరుసుకుని తిట్టు" అనేదాన్ని. పుల్లలు నోట్లో ఉంటే ఆవిడ ఏం చేయగలదు? ఆ కసరత్తు నాకు మహా ఇష్టంగా ఉండేది, అబద్ధమెందుకు.

ఆఖరికి చిగురు తెరిచే రోజు వచ్చింది. నేను కుర్చీ పక్కనే నిలబడ్డాను. స్క్రూల తలలు బయటికి తీసి, డాక్టరమ్మ ఒక స్టీలు పరికరం తిరగేసి పట్టుకుని, దాని పిడితో మొదటిదాన్ని తట్టింది. టింగ్ మంది. రెండోది తట్టింది. టింగ్. "ఎముక గట్టిగా పట్టుకుంటే ఇలా మోగుతుంది" అంది. మూడోది తట్టింది. టప్ మంది, అంతే. డాక్టరమ్మ నుదురు ముడిపడింది. సరిగ్గా అప్పుడే అత్త నోరు తెరుచుకునే చెయ్యెత్తి, ఆ మూడోదాన్ని చూపి, కాదన్నట్టు వేలు ఆడించింది. నోరు కడిగించాక చెప్పింది. "అది ఎండనేదు డాక్టరమ్మా."

డాక్టరమ్మకు అర్థం కాక నా వైపు చూసింది. ఎండు చేప ఎలా చూస్తామో, ఎండితే ఏ చప్పుడు, తడి ఉంటే ఏ చప్పుడు, నేను గబగబా చెప్పేశాను. ఆవిడ పకపకా నవ్వింది. "అయితే మీదీ నాదీ ఒకటే పనమ్మా." అత్త ముఖం వెలిగిపోయింది. పట్టని స్క్రూ ఒక్కటీ తీసేశారు. మిగిలినవి చాలన్నారు. ఆ రోజు బస్సులో అత్త తెలియనివాళ్ళతో కూడా మాట్లాడింది.

పళ్ళు బిగించే రోజుకి మేమిద్దరం పట్టు చీరలు కట్టుకెళ్ళాం. నవ్వకండి. పెళ్ళికి కూడా నేను అంత కంగారు పడలేదు. పళ్ళు కూర్చోబెట్టి, స్క్రూలు బిగించి, డాక్టరమ్మ అద్దం ఇచ్చింది. అత్త అద్దంలోకి చూసుకుంది. కుడి పక్క ఖాళీ లేదు. పళ్ళున్నాయి. పక్కనున్న ఆవిడ సొంత పళ్ళ రంగే, కాస్త పసుపు, మరీ తెలుపు కాకుండా. నాకు కళ్ళు తిరిగినంత పనైంది సంతోషంతో.

కొరుకుడు సరిగ్గా పడుతుందో లేదో చూడటానికి డాక్టరమ్మ పళ్ళ మధ్య నీలం కాగితం పెట్టింది. "కొరకండమ్మా."

"కాయితం కొరికితే నాకేటి తెలస్తాది?" అంటూ అత్త పట్టు చీర రొంటిలో చెయ్యి పెట్టింది. కవళ్ళ చేప తీసింది. నాకు తెలియకుండా ఇంటి దగ్గరే దోపుకొచ్చింది. ఆ ఏసీ గదిలో గుప్పుమంది. బయట కూర్చున్న పేషెంట్లు ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. నర్సు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. నాకు సిగ్గూ నవ్వూ ఒకేసారి ముంచుకొచ్చాయి.

డాక్టరమ్మ వద్దంటుందనుకున్నాను. కాసేపు ఆ చేపనూ అత్తనూ మార్చి మార్చి చూసింది. "తోక కొస మాత్రమే. మెల్లగా" అంది.

అత్త తోక కొస పెట్టి కొరికింది. తోక విరిగింది. అరక్షణం కళ్ళు మూసుకుంది, పూర్వంలాగే.

కళ్ళు తెరిచింది. "ఏటీ తెలనేదే" అంది నాతో.

మళ్ళీ కొరికింది. మళ్ళీ అదే. ముఖం వాడిపోయింది. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని చెప్పింది. సొంత పంటికీ ఎముకకీ మధ్య పల్చటి పొర ఉంటుందట. కొరికిన దాని గట్టిదనం, మెత్తదనం మనకు చెప్పేది అదేనట. స్క్రూకి ఆ పొర ఉండదు, ఎముకనే పట్టుకుంటుంది. పైగా ఆపరేషన్‌తో ఆ పక్క పెదవి కూడా మొద్దుబారింది. "తినగలరు, నమలగలరు. ఆ పాత స్పర్శ మాత్రం రాదమ్మా" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. "ముందే చెప్పొచ్చు కదండీ!" అని అరిచాను. "చెప్పాను తల్లీ, మీరు అప్పటికే తలూపేస్తున్నారు" అంది ఆవిడ. నిజమే కావచ్చు. నిజమైనా నా కోపం తగ్గలేదు.

తిరుగు బస్సెక్కాం. ఆ కొరికిన చేప ఇంకా అత్త గుప్పిట్లోనే ఉంది. కండక్టరు వాసనకి విసుక్కుంటే ఆయన మీద పడి నా కోపమంతా తీర్చుకున్నాను.

కొన్నాళ్ళకు అత్త అన్నం నమలడం మొదలుపెట్టింది. కూర ముక్క నమిలింది. ఒంటికి కాస్త కండ పట్టింది. మా ఆయన సంబరం ఇంతా అంతా కాదు. నేనే సంబరపడలేకపోయాను. ఒక సాయంత్రం మరమరాలు వేయించి ఇస్తే, అత్త గుప్పెడు నోట్లో పోసుకుని ఆగిపోయింది.

"ఒసే, సెవిలో వాన కురుస్తన్నాదే."

"ఏ సెవి?"

"కుడిది. పళ్ళున్న పక్క. ఇంత సప్పుడు నాకెప్పుడూ ఇనిపించనేదు."

వెంటనే డాక్టరమ్మకు ఫోన్ చేశాను. ఎత్తేదాకా చేశాను. ఆవిడ విని, "అవును, మధ్యలో మెత్తటి పొర లేదు కదా. చప్పుడు స్క్రూ నుంచి ఎముకకీ, ఎముక నుంచి చెవికీ సూటిగా పోతుంది. కొందరికి మొదట్లో చిరాకుగా ఉంటుంది, అలవాటవుతుంది" అంది. ఫోన్ స్పీకర్లో పెట్టాను. అత్త నోట్లో మరమరాలు అలాగే పెట్టుకుని వింది.

మర్నాడు పొద్దున్న లేచేసరికి ఇంట్లో లేదు. వలలు పరిచిన చోట ఇసుకలో కూర్చుని ఉంది. ఒక చేత్తో చేప. రెండో అరచేత్తో కుడి చెవి గట్టిగా మూసుకుంది, అలల హోరు లోపలికి రాకుండా. తోక కొస కొరుకుతుంది, కళ్ళు మూసుకుని ఆ చప్పుడు వింటుంది, తర్వాత వేళ్ళతో వెన్ను చీల్చి చూస్తుంది. తనలో తనే తల అడ్డంగా ఊపుతుంది. తప్పు. ఇంకోటి. మళ్ళీ తప్పు. చుట్టూ కాకులకు పండగ. నేను పాక చాటునే నిలబడిపోయాను. అడిగితే మానేస్తుందేమోనని భయం. రోజూ అలాగే చేసింది. రోజూ నేను అలాగే చాటు నుంచి చూశాను. పోనుపోను తల అడ్డంగా ఊపడం తగ్గింది. ఒకరోజు నిలువుగా ఊపి, తనలో తనే చిన్నగా నవ్వుకుంది. నాకు అక్కడే గంతులేయాలనిపించింది. కొంగు నోట్లో కుక్కుకుని ఆగాను.

కోట వ్యాపారి వచ్చాడు. ఆ వారం మా ఇంటి కవళ్ళు నేనే ఎండబెట్టాను. అత్త మంచాన ఉన్నన్నాళ్ళూ ఆ పనంతా నాదే కదా, నా చేయి తిరిగిందని నాకు మహా గర్వం. అలవాటు ప్రకారం ఆయన ఒక చేప తీసి అత్త చేతికిచ్చాడు. "సూడప్పా" అని, సమాధానం కోసం ఆగకుండా గోనెసంచి మూతి విప్పుతున్నాడు. అత్త అరచేయి ఎత్తి చెవి మూసుకుంది. తోక కొస పంటి కింద పెట్టింది.

బాగుంది అనకు తల్లీ, అనుకున్నాను. ఊరికే బాగుంది అని మాత్రం అనకు.

టక్ మంది. కళ్ళు మూసుకుంది. తెరిచింది. తోక ముక్క తుపుక్కున ఉమ్మేసింది.

"తడుందే. ఎన్ను కాడ తడుంది. మళ్ళీ ఎండెట్టు."

చేపను నా ఒళ్ళోకి విసిరింది.

వ్యాపారి సంచి వదిలేసి వచ్చి ఆ చేపను తీసుకున్నాడు. చేత్తో విరిచాడు, టక్కున విరిగింది. నావైపు చూశాడు, పోనీలే అన్నట్టు. నేను ఆయన చేతిలోంచి లాక్కుని గోరుతో వెన్నుముల్లు ఊడదీశాను. కింద వేలు పెట్టాను. చెమ్మ తగిలింది. చల్లగా, నిజంగా తగిలింది.

"తడుంది!" అని అరిచాను. "తడుంది బాబూ, తడుంది! ముట్టుకు సూడు!" ఆయన వేలు పట్టుకుని చేపలో పెట్టాను. అత్తను పట్టుకుని ఊపేశాను. సరుకు వెనక్కి కొట్టిన మనిషిని కోడలు కౌగిలించుకుని గెంతడం ఆయన ఎక్కడా చూసి ఉండడు. చుట్టూ ఆడవాళ్ళు లేచి వచ్చారు. ఒకావిడ అప్పటికే తన రాశి మీద గోనె కప్పేస్తోంది. అత్త అది చూసేసింది. "కప్పినావా? ముందు నీ దగ్గరికే వస్తన్నాను, ఉండు" అని ఆ వైపు నడిచింది. వ్యాపారి కట్టు విప్పిన సంచి అక్కడే వదిలి, చేతులు కట్టుకుని ఆవిడ వెనకాలే వెళ్ళాడు.

నేను చేపలన్నీ పోగుచేసి మళ్ళీ వల మీద పోశాను. ఒక్కొక్కటీ తిప్పి పెడుతున్నాను. ఏడుపు ఆగలేదు, నవ్వూ ఆగలేదు. పక్క రాశి దగ్గర నుంచి అత్త గొంతు వినిపించింది.

"ఒసే! ఆ కన్నీళ్ళు సేపల మీద పడనీకు. మళ్ళీ తడిసిపోతాయి."